సంచిమీది మూడక్షరములు

తొలకరి గడచి, కాలువలకు నీరు విడుతురను వార్త ఊరూర ప్రాకిన దినములలో, చల్లపల్లి బజారున విత్తనముల కొట్టుముందు ఒక అరగంట నిలిచినవానికి వినవచ్చు సంభాషణము, ఆ వ్యవహారమెరుగని పట్టణవాసికి గణితపాఠమువలె తోచును. "బీపీటీ వచ్చిందాండీ?" అని ఒకరడుగుదురు. "మాకు పది అరవై ఒకటి నాలుగు సంచులు తీసి ఉంచండి, సాయంత్రం బండి పంపిస్తా" అని వేరొకరు పురమాయింతురు. "మాది ఉప్పు తగిలే చేనండీ, అందులో ఏది నిలబడుద్దో మీరే చెప్పాలి" అని కోడూరు వైపునుండి వచ్చిన మరియొక రైతు కొట్టుయజమాని ముఖము చూచుచు నిలుచును. యజమాని ఒక చేత చిట్టా వ్రాయుచు, రెండవ చేత కుర్రవానికి సైగ చేయుచు, అందరికిని ఒకేసారి బదులు చెప్పుచుండును.

ఆ సంచులమీద లావుపాటి అక్షరములతో ఎం.టి.యు. అనియో, బి.పి.టి. అనియో, ఎం.సి.ఎం. అనియో అచ్చువేసి యుండును. అవి విత్తనపు కంపెనీల గుర్తులని తలచువారు నా స్నేహితులలోనే కొందరు కలరు. నిజమునకవి ఊళ్ళపేర్లు. ఎం.టి.యు. అనగా పశ్చిమగోదావరి మండలమునందలి మారుటేరు. బి.పి.టి. అనగా బాపట్ల. ఎం.సి.ఎం. మన మచిలీపట్నము. మినుముల సంచిపై ఎల్.బి.జి. అని యున్నచో మొదటి అక్షరము గుంటూరు చెంతనున్న లాం గ్రామమునకు చెందును, జి.బి.జి. అని యున్నచో చల్లపల్లి ప్రక్కనే యున్న ఘంటసాలకు చెందును. ఆ వంగడములను సృష్టించిన శాస్త్రజ్ఞుల పేర్లు ఏ రైతును ఎరుగడు. కాని వారు పనిచేసిన ఊరి పొడియక్షరములను, వారు వేసిన వరుససంఖ్యను, మన డెల్టాలో అక్షరము రానివాడు సైతము తడుముకొనక చెప్పగలడు. పరిశోధనసంస్థలకు ఇంతకంటె మన్నికగల శాసనమును నేనెచ్చటను చూచియుండలేదు.

విజ్ఞానసంస్థ యనగానే మన కన్నులకు కట్టునది రాజధానియందలి ఎత్తైన ప్రహరీయు, ద్వారమున కావలివాడును, లోపల ఏమి జరుగుచున్నదో ఎవరికిని తెలియని నిశ్శబ్దమును. ఈ చిత్రము సగము నిజమే. కాని బీదదేశమున శాస్త్రము వేరూనిన కథ ఆ ప్రహరీలతో మొదలిడినది కాదు. మన తీరమున అది ఒకచో అతిథిగ వచ్చినది. వేరొకచో కొందరు దాతల నీడన పెరిగినది. తుదకు సర్కారు కొలువున జీతముపై కుదిరినది. కుదిరినందువలన దానికి స్థిరత్వము చేకూరినది గాని, త్రోవలో ఒక వస్తువు జారిపోయినది. ఆ జారిపోయినదానిని గూర్చియే ఈ వ్యాసము.

అతిథిగ వచ్చిన కథకు రంగస్థలము మచిలీపట్నము. చల్లపల్లికి ఇరువది మైళ్ళలోపున నున్న ఆ రేవుపట్టణము 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుతుపానున మునిగెను. కడలి ఊరిమీద కెగసివచ్చిన ఆ యొక్క రాత్రియందు సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. అంతకు నెలదినముల పూర్వమే మరియొక తుపాను కలకత్తాను ధ్వంసము చేసియుండెను. వచ్చుచున్న గాలివానను ముందుగ కనిపెట్టి తీరవాసులను హెచ్చరించు వ్యవస్థ ఆనాడు దేశమున లేదు. ఆ దుఃఖము మాయకమునుపే, నాలుగేండ్లయినను నిండకమునుపే, 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన తీరముమీదుగ సాగునని లెక్క తేలగా, దుర్భిణులను, వర్ణపటదర్శనులను పెట్టెలలో భద్రపరచుకొని ఖగోళపండితులు దిగివచ్చిరి. మద్రాసు నక్షత్రశాలకు అధిపతియైన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నమున విడిసెను. ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరున తన దేశీయుడగు ఒక వర్తకుని యింట యంత్రములు నిలిపెను. ఆ గుంటూరుననే టెన్నెంట్ అను ఆంగ్ల సేనాధికారి నాయకత్వమున ఇంకొక బృందము కాచుకొని యుండెను. మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడుగ నుండిన చింతామణి రఘునాథాచార్యులు తన పరివారముతో వనపర్తికి పోయెను.

సూర్యబింబము పూర్తిగ మరుగుపడిన ఆ అయిదారు నిమిషములలో వారు చూచినదేమి? నల్లని చంద్రబింబపు టంచులవెంట ఎఱ్ఱని జ్వాలలు. ఆ జ్వాలల వెలుగును వర్ణపటదర్శనిగుండ చూడగా, ఇంద్రధనుస్సువలె ఎడతెగని రంగులపట్టీ గాక, వేరువేరుగ మెరయు గీతలు కానవచ్చెను. మండుచున్న వాయువు మాత్రమే అట్టి గీతల నిచ్చును గావున, ఆ జ్వాలలు వాయురూపములని తేలెను. జాన్సెన్ మెదడున అప్పుడొక ఊహ మెరసెను: గీతలింత ప్రకాశవంతములైనచో గ్రహణముతో పనియేమి? మరునాటి ఉదయముననే, గ్రహణము లేని నిండు సూర్యుని యంచున, గుంటూరునుండియే ఆ గీతలనాతడు మరల చూచెను. ఇంగ్లండునందు లాకియర్ అను పండితుడు ఆ గుంటూరు ముచ్చట యెరుగకయే అక్టోబరులో అదే పద్ధతిని కనుగొనెను. సోడియము గీతలతో సరిగ పొసగని పసుపుపచ్చని గీత యొకటి కలదనియు, అది భూమిపై ఎరుగని ధాతువునకు చెందినదనియు లాకియర్ తరువాత వాదించి, దానికి సూర్యుని గ్రీకు పేర హీలియము అని నామకరణము చేసెను. ఆ వాయువు భూమిమీద దొరకునని రామ్సే 1895లో నిరూపించెను.

ఇందు నాకు వింతగ తోచు సంగతి హీలియము కాదు. జాన్సెన్ తెలుగుదేశమునుండి పంపిన లేఖయు, లాకియర్ ఇంగ్లండునుండి పంపిన లేఖయు పారిస్ నగరమున ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఒకేదినమున చేరెను. ఆ సభలో రెండును వినిపింపబడెను. ఇరువురకును సమానగౌరవము దక్కెను. తరువాత ఇరువురి ముఖములతో ఒక పతకము సైతము పోతపోయబడెను. ఇక పోగ్సన్ సంగతి? మచిలీపట్నమున తాను చూచిన గీతలలో ఒకటి సోడియము స్థానమునకు సరిగ కుదురుటలేదని అతడును గుర్తించి వ్రాసెను. కాని ఆ వ్రాత సర్కారీ నివేదికగ అచ్చుపడి, సర్కారీ నివేదికలకు సహజమగు విధిని పొందెను. చూచిన కన్నులు రెండుచోట్లను ఉండెను. వినుచెవి ఒక్కచోటనే ఉండెను. విద్వత్సభ యనగా ఆ చెవి. ఒకరు చెప్పినది పదుగురు విని, ప్రశ్నించి, ఔననియో కాదనియో తేల్చి, వ్రాసి పెట్టు తావు లేనియెడల, ఎంతటి పరిశీలనమైనను బావిలో వేసిన రాయి వంటిదే.

మచిలీపట్నమునకు ఆ గ్రహణమువలన మిగిలినదేమియు లేదు. గుడారములు ఎత్తివేయబడెను, పెట్టెలు ఓడలెక్కెను. ఆకాశమును చూచుటకు అంతదూరమునుండి వచ్చినవారు ఆ ఊరిని మ్రింగిన సముద్రమువైపు తలత్రిప్పలేదని వారిని నిందించుట న్యాయము కాదు. ఎవరి ప్రశ్న వారిది. కాని పరదేశి ప్రశ్నను పరదేశి వచ్చి అడుగును, మన ప్రశ్నను మనమే అడుగవలెనను సత్యమునకు ఆ 1864, 1868 సంవత్సరములకంటె చక్కని దృష్టాంతము నాకు తెలిసి మరియొకటి లేదు. తుపానులును, అనావృష్టులును ఒకదానివెంట నొకటి దేశమును పీడింపగా 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. దాని సంగతి మరల వచ్చును.

దాతల కాలమునకు వత్తము. మన జమీందారులనగానే భోగినీ మేళములును, అష్టావధానములును, వ్యాజ్యములును జ్ఞాపకము వచ్చును గాని, విశాఖపట్టణపు గోడే వెంకట జగ్గారావు వేరొక తెరగువాడు. ఆయన మద్రాసునకు పోయి, అచ్చటి నక్షత్రశాలాధిపతి టైలర్ వద్ద ఖగోళగణితము నభ్యసించి, 1840లో తన సొంత సొమ్ముతో విశాఖయందు నక్షత్రశాల కట్టించెను. ఆయన 1856లో గతింపగా, అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని నిలిపి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటిపోవు దృశ్యమును దానినుండి పరిశీలించెను. ఆయన 1892లో గతించినపిదప ఆ నక్షత్రశాల క్రమముగ క్షీణించినది. దాత బ్రతికినంతకాలము దీపము వెలుగును; వత్తి నెగద్రోయు చేయి పోయినంతనే కొండెక్కును. ఇది ఎవరి తప్పును కాదు, ఏకవ్యక్తి పోషణమునకున్న ఆయుఃపరిమితి.

కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు ఈ రహస్యమును గ్రహించెను. ఆయన ఒక్క రాజును గాక అనేకులను యాచించి, 1876లో విజ్ఞానాభివృద్ధికై ఒక భారతీయ సమాజమును స్థాపించెను. అందు పరిశోధన చేయువారు దొరకకయే ఆయన గతించెను. తలుపులు మాత్రము తెరచియే యుండెను. 1907లో ఆ తలుపుల నెట్టి లోనికి ప్రవేశించిన ఆర్థికశాఖోద్యోగి, పగలు కచేరీలో లెక్కలు చూచి, ఉదయము సాయంకాలము అచ్చట ప్రయోగములు చేసికొనెడివాడు, చంద్రశేఖర వేంకటరామన్. 1928 ఫిబ్రవరి 28వ తేదీన రామన్ ఫలితము వెలువడినది ఆ సమాజపు గదులలోనే. ఆ యేటనే రామన్ శిష్యత్వమునకై అచ్చటికి చేరిన తెలుగు యువకుడు సూరి భగవంతము. ఆయన పుట్టినది నాటి కృష్ణామండలమునందలి ఆగిరిపల్లి. ఒక వైద్యుని యాచనాఫలము యాబదియేండ్లకు ఒక ఆగిరిపల్లి బాలునకు అందినదన్నమాట.

ఆ భగవంతము తరువాత వాల్తేరునకు వచ్చి ఆంధ్రవిశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్ర శాఖను పోషించెను. ఈ పరిషత్తు 1926లో బెజవాడలో పుట్టినదని నేటి విజయవాడ విద్యార్థులలో ఎందరికి తెలియునో! కట్టమంచి రామలింగారెడ్డి ప్రథమోపాధ్యక్షుడు. నాలుగేండ్లకు అది వాల్తేరు చేరెను. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్షరూపాయల చొప్పున నిచ్చిన విరాళముతో అచ్చట శాస్త్రకళాశాల నిలిచినది. ఇది జగ్గారావు దానమువంటిది కాదు. దాత వేరు, నడుపువారు వేరు, నియమములు వేరు. దాత గతించినను సంస్థ గతింపదు. 1933లో వచ్చిన రసాయనశాస్త్రజ్ఞులు శేషాద్రిగారు రసాయనశాలలో కూర్చుండి పరిశోధించిన వస్తువులలో ప్రత్తిపూవుల రంగొకటి. గుంటూరు చేలలో ప్రతియేట పూచి రాలిపోవు పూవునందలి పసుపుదనమున కేమి నిర్మాణమున్నదని ప్రశ్నించుట, నా దృష్టిలో, పారిస్‌నుండి గ్రహణము చూడవచ్చుటకంటె ఒక మెట్టు ముందడుగు. యుద్ధకాలమున విశాఖపై బాంబులు పడగా కళాశాల గుంటూరునకు తరలి, శాంతి కలిగినపిదప తిరిగిపోయినది. 1948లో భగవంతము, వెంకటరాయుడు కలసి భౌతికసమస్యలకు సమూహసిద్ధాంతమును అన్వయించు గ్రంథము నచ్చటినుండియే వెలువరించిరి. ఆ 1948 నాటి చట్టముతోనే మన జమీందారీలును ముగిసినవి. చల్లపల్లి కోట నేటికిని నిలిచియున్నది గాని, ఇకమీదట శాస్త్రమును పోషింపవలసినవాడు రాజు కాడు, పన్ను కట్టు ప్రతివాడును.

ఈ నడుమ కాలముననే మరియొక ప్రయత్నము జరిగినది. అది ప్రయోగశాల కాదు, పుస్తకముల మండలి. మునేటితీరమున పెనుగంచిప్రోలున పుట్టిన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు మొదలగు మిత్రులతో కూడి, 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పెను. చందా కట్టిన పాఠకునకు చవుకగ పుస్తకము చేర్చుట దాని పద్ధతి. చరిత్రలు, జీవితములు అచ్చువేయుచునే, జీవశాస్త్రమును, రసాయనశాస్త్రమును తెలుగున వ్రాయించి ఇంటింటికి పంపెను. పల్లెటూరి కరణము, బడిపంతులు, మెట్రిక్యులేషను తప్పిన యువకుడు, వీరందరు ఆ చందాదారులలో నుండుట దాని బలము. లక్ష్మణరావు పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూని, అకారాదిగ లోకజ్ఞానమంతయు తెలుగువారి ముంగిట పెట్టదలచి, 1923లో పని సగమైనను కాకయే మరణించెను. ఆయనతో ఆ వేగమును ఆగెను. ఇచ్చటను దీపపు కథయే. ఈసారి చమురు పోసినది ధనము కాదు, ఒక మనుష్యుని ఆరోగ్యము.

ఇక జీతగాడైన శాస్త్రము. ఇందు నేను కొంచెము నిలిచి మాటాడవలసియున్నది, ఏలయన మన పళ్ళెములోని అన్నము దీని చలవ. మారుటేరు పరిశోధనస్థానము 1925లో వెలసినది. అచ్చట పనిచేయు విధానమును చూచినవారు అది శాస్త్రమనికంటె కంసాలిపని యందురు. వరిపూవు ప్రొద్దెక్కినపిదప కొద్దిసేపు మాత్రమే విచ్చును. అంతకుముందే, పూర్వసాయంకాలమున, తల్లిగ ఎన్నుకొనిన మొక్కయొక్క వెన్నున ప్రతి పొట్టుకొనను కత్తిరించి, లోపలనుండు ఆరు పుప్పొడి తిత్తులను సన్నని పటకారుతో ఊడదీసి, కాగితపు సంచి తొడుగుదురు. మరునాడు తండ్రిమొక్క వెన్నును తెచ్చి దానిపై దులుపుదురు. ఇట్లు చేయగా దక్కునవి కొద్దిగింజలు. వానిని నాటి, వాని సంతతిని నాటి, ఒక్కొక్క వరుసలో పొట్టిది, పొడుగుది, పడిపోవునది, తెగులు తగులునది అని పుస్తకమున వ్రాసికొనుచు, పనికిరానిదానిని పీకుచు, ఆరేడు పంటలు గడపిననే గాని గుణము స్థిరపడదు. అటుపిమ్మట దిగుబడి పరీక్షలు. ఆపైని మినీకిట్ల పేరిట రైతుల చేలలో పరీక్షలు. పదియేండ్లు అవలీలగ గడచును. మొదటి పూవు కత్తిరించిన యువకుడు వంగడము విడుదలయగునాటికి తలనెరసియో, బదిలీయైయో యుండును. ఏ దాతయు, ఏ మండలియు ఇంతటి ఓపికను భరింపజాలవు. ఇందులకు నెలజీతమును, కంచెవేసిన పొలమును, చేతులు మారినను చెదరని రిజిస్టరును కావలెను. సంస్థ యనగా ఇదియే.

1982లో ఈ మారుటేరునుండి వచ్చిన ఎం.టి.యు. 7029, స్వర్ణ యను పేర, తెలుగుదేశపు టెల్లలు దాటి తూర్పు రాష్ట్రములంతటను వ్యాపించినది. 1986లో బాపట్లనుండి వచ్చిన బి.పి.టి. 5204, సాంబమసూరి, సన్నబియ్యమునకు పర్యాయపదమైనది. ఈ సాంబమసూరి వంశవృక్షము ఒక పురాణమువలె రుచించును. దాని పూర్వులలో నొకటి కోయంబత్తూరున 1921లో ఎన్నిక చేయబడిన జి.ఇ.బి. 24. ఈ మూడక్షరములు మాత్రము ఊరు కావు, ఉద్యోగము. ప్రభుత్వార్థిక వృక్షశాస్త్రజ్ఞుడను పదవికి ఆంగ్లపు పొడియక్షరములు. రెండవది తైవాను దేశపు పొట్టివరి. మూడవది మసూరి. మసూరి యనగా మైసూరని భ్రమించువారు కలరు గాని, అది మలయాదేశమునుండి వచ్చినది. ఆ మలయాకును దాని బీజము మన కటకమునుండియే పోయినది. 1946లో కటకమున స్థాపితమైన కేంద్ర వరిపరిశోధనసంస్థలో, ఐక్యరాజ్యసమితి ఆహారసంస్థ ప్రోద్బలమున, మనజాతి వరులకును జపానుజాతి వరులకును సంకరము చేసి ఆ విత్తనములను ఆసియా దేశములకు పంపిరి. మలయాలో నిలిచినది మసూరి. పుట్టింటినుండి వెడలి, అత్తవారింట వర్ధిల్లి, మరల పుట్టింటికి వచ్చి బాపట్లలో కాపురము పెట్టినదన్నమాట. మనము పెరుగు కలుపుకొని తిను కడపటి ముద్దలో కోయంబత్తూరు, తైవాను, కటకము, మలయా, బాపట్ల కలసియున్నవి.

సాంబమసూరికి బాక్టీరియా ఆకుఎండు తెగులు శాపమైనది. దానికి విరుగుడు హైదరాబాదున రాజేంద్రనగరపు వరిపరిశోధనవారును, కణజీవశాస్త్రపు సి.సి.ఎం.బి. వారును చేయికలపగా వచ్చినది. అడవివరినుండి లభించిన జన్యువు నొకదానిని, మరి రెండింటిని చేర్చి, మొలక యాకును పరీక్షించియే ఏ మొక్కలో అవి దిగినవో తెలిసికొను పద్ధతిచే, రుచి చెడకుండ తెగులును తట్టుకొను సాంబమసూరిని 2008లో విడుదల చేసిరి. రాజధానియందలి ప్రహరీలోపలి శాస్త్రమునకును, బాపట్ల మడికిని వంతెన పడినప్పుడేమగునో ఇది నిదర్శనము. హైదరాబాదున అట్టి ప్రహరీలనేకములు. నైజాము కాలమున 1944లో మొదలై నేడు భారత రసాయన సాంకేతికసంస్థయైనది యొకటి. 1918లో కూనూరున బెరిబెరి విచారణగ పుట్టి, 1958లో వలసవచ్చిన పోషకాహారసంస్థ మరియొకటి. 1961 నాటి భూభౌతికసంస్థ వేరొకటి. వాని ప్రతిభను శంకించువాడను కాను. వాని వీధిద్వారమును గూర్చియే నా చింత.

మన పరిసరములకు తిరిగివత్తము. చల్లపల్లికి దాపుననే లక్ష్మీపురమున చక్కెర కర్మాగారము వెలసినది, ఉయ్యూరున మరియొకటి. చెరకు రైతు "ఎనభైమూడు వి పదిహేను" అన్నప్పుడు ఆ 'వి' వుయ్యూరు పరిశోధనస్థానమే. ఇక ఘంటసాల. బౌద్ధస్తూపముతో ప్రాచీనయశస్సు గడించిన ఆ ఊరి పరిశోధనస్థానమునకు మాగాణిమినుము ఇంటిపంట. వరికోతకు రెండుమూడు దినములు ముందుగ, నిలిచియున్న చేనిలోనే మినుములు వెదజల్లి, నేలలో మిగిలిన తడితో, ఒక్క చుక్క నీరు పెట్టకయే పంట తీయు నేర్పు మన డెల్టారైతుది. ఏ శాస్త్రజ్ఞుడును నేర్పినది కాదు. కాని తెల్లదోమ మోసికొనివచ్చు పల్లాకు తెగులును, వేరును ఆకును లేక మొక్కల నల్లుకొని రసము పీల్చు బంగారుతీగయు ఆ నేర్పునకు లొంగవు. పేరు బంగారుతీగ; పని పీడ. రైతు ప్రశ్న యెచ్చట ఆగునో అచ్చట స్థానపు ప్రశ్న మొదలగును. ఇట్టి పరిశోధనకు పెద్ద బహుమతులు రావు. రాజధాని ప్రతిష్ఠకును ఇది పనికిరాదు. దేశము మొత్తమున పరిశోధనకై వెచ్చించునది జాతీయోత్పత్తిలో నూటికొకవంతైనను కాదు. ఆ కొంచెములో ఘంటసాల వంటి స్థానములకు రాలునది ఇంకను కొంచెము.

మచిలీపట్నమును మరచితినని తలపవలదు. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము మరల లేచినది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన దివిసీమను ముంచి, వేలకొలది జనులను, లెక్కకు మించిన పశువులను పొట్టనబెట్టుకొనినది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల వృద్ధులు కాలమును నేటికిని 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తరువాత' అని విభజించి చెప్పుదురు. నాడు తుపాను సంగతి వాతావరణశాఖ కెరుకయే. ఎరుక గుడిసెదాక నడువలేదు. పిదప ఉపగ్రహములు వచ్చినవి. 2004లో డాప్లర్ రాడారు మచిలీపట్నమునందే నెలకొన్నది. అది పంపిన తరంగము మేఘములోని చినుకును తాకి తిరిగివచ్చునప్పుడు, చినుకు దగ్గరకు వచ్చుచున్నచో ఒక తీరున, దూరమగుచున్నచో వేరొక తీరున మారును. ఆ మార్పుచే గాలివేగము తెలియును. పోగ్సన్ గుడారము వేసిన ఊరిలోనే నేడు ఆకాశమును చూచు కన్ను రెప్పవేయక యున్నది. ఇది ఎవరో తెచ్చి తీసికొనిపోవునది కాదు.

ఇన్నియు సమకూరినపిదప జారిపోయినదేమి? ఆ సభ. పారిస్‌లో లేఖ విన్న చెవియు, కొమఱ్ఱాజు పుస్తకము చదివిన బడిపంతులును కలసి కూర్చుండు తావు. విద్వత్సభలు లేవని కాదు. 1963లో మన రాష్ట్రమున విజ్ఞాన అకాడమీ ఏర్పడినది. కాని అకాడమీ యనునది సహజముగ పెద్దలు పెద్దలను గౌరవించు మండపము. 1988లో పుట్టిన జనవిజ్ఞానవేదిక పల్లెలకు పోయి, మూఢనమ్మకములతో పోరాడి, పిల్లలకు ప్రయోగములు చూపినది. ఆ పని గొప్పది. అయినను దాని ముఖము బడివైపే హెచ్చు. పొలముగట్టునకును పరిశోధనస్థానమునకును నడుమ, ఉప్పుచేనికిని రాజేంద్రనగరమునకును నడుమ, ఎవరైనను లేచి "మీరు చెప్పినది మా నేలలో నిలువలేదండీ" అని నిర్భయముగ ననగల సమాజము, ఆ మాటను వ్రాసికొని మరుసటి యేడు బదులుతో వచ్చు సమాజము, మనకు లేదు. శిక్షణశిబిరములున్నవి, అందు ఒకరు చెప్పుదురు, పదుగురు విందురు. విద్వత్సభ పద్ధతి దానికి తలక్రిందు. పరిశోధనపత్రము ఆంగ్లమున వెలువడును. కరపత్రము తెలుగున వెలువడును. కరపత్రమున ఎకరమునకు ఎన్నికిలోలో చెప్పుదురు గాని, ఎందుచేతనో చెప్పరు. రైతునకు 'ఎందుచేత' అక్కరలేదని నిర్ణయించిన వారెవరో నాకు తెలియదు. విజ్ఞానచంద్రికవారు మాత్రము అట్లనుకొనలేదు.

ఆ సభ లేనిచోట విత్తనముల కొట్టే సభ, యజమానియే అధ్యక్షుడు. ఆయన చెడ్డవాడు కాడు. పదిమందికి పది రీతుల బదులు చెప్పవలసినవాడు, అప్పు పెట్టవలసినవాడు, సరకు అమ్ముకొనవలసినవాడు. నేను నిలిచిన ఆ దినమున, ఉప్పుచేని రైతు వంతు వచ్చుసరికి రెండు గంటలైనది. ఉప్పునేలలకని మచిలీపట్నపు స్థానము పెంచిన ఎం.సి.ఎం. వంగడములను గూర్చి నేను వినియుంటిని గావున, నడుమ కల్పించుకొని ఆ పేరు చెప్పితిని. రైతు నావైపు, యజమానివైపు మార్చి మార్చి చూచెను.

"అదెక్కడ దొరుకుద్దండీ?" అని అడిగెను.

"మన దగ్గర రాదు బాబాయ్, బందరు వెళ్ళి కనుక్కోవాలి" అని యజమాని చిట్టా నుండి తలయెత్తకయే చెప్పెను.

బందరునకు, అనగా మచిలీపట్నమునకు, పోవలెనన్న ఒక దినము పని పోవును. పోయినచో ఎవరి నడుగవలెనో తెలియదు. నీళ్ళు ఎల్లుండి వచ్చునని కాలువవారి మాట. రైతు కొంతసేపు తుండుగుడ్డ కొనను వ్రేలికి చుట్టుకొనుచు, విప్పుచు నిలిచి, తుదకు బీపీటీ సంచులు రెండు ఇప్పించుకొని, వానిని అవనిగడ్డ బస్సు కప్పుమీదికి అందించెను.